బ్రూజ్ – 3 ని.

మార్చి 9, మంగళవారం కింద నా డైరీలో ఇలా ఉంది: "మే నెలలో బ్రూజ్ వెళ్దామంటోంది. మూడు రాత్రులట. ఎందుకు మూడో చెప్పలేదు." చివరి వాక్యం కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. ఏదైనా విషయం నాకు నచ్చకపోతే ఒక గీత గీసేదాన్ని. నమ్మకం కుదరకపోతే రెండు.

అప్పుడు నేను మెల్బోర్న్‌కు పడమటి పక్కనున్న వెర్రిబీలో ఉండి పాల పదార్థాల మీద పరిశోధన చేస్తున్నాను. చదువులో అది మూడో ఏడు, వయసు ముప్ఫై ఒకటి. నా విభాగంలోనే ఇంకో తెలుగమ్మాయి ఉండేది. తెనాలి దగ్గర పల్లెటూరు వాళ్ళది, నాకంటే నాలుగేళ్ళు చిన్నది. ఒక ఇంటి వెనక భాగంలో రెండు గదులు, ఒక వంటిల్లు అద్దెకు తీసుకుని ఇద్దరం ఉండేవాళ్ళం. నన్ను అక్కా అనేది, నేను అమ్మాయ్ అనేదాన్ని. ఆ ఊళ్ళో నాతో రోజూ తెలుగు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఈమెను నమ్మొచ్చా, నమ్మకూడదా అన్నదే ఆ నెలరోజులూ నేను తేల్చుకోలేకపోయిన సంగతి. నమ్మలేకపోతే ఆ ఇంట్లో ఉండలేను. ఆ ఇల్లు వదిలితే పొద్దున లేచి పలకరించుకోవడానికి తెలుగు మాట ఉండదు.

ఇంకొకటి కూడా ఇక్కడే రాసేయాలి. ఆ ఏడు ఫిబ్రవరి 11, గురువారం సాయంత్రం నరసాపురంలో మా అమ్మ పోయింది. నాకు ఫోను వచ్చింది శుక్రవారం పొద్దున. సమాధి ఆ మధ్యాహ్నమే. నేను ఎంత తొందరగా బయల్దేరినా ఆదివారం రాత్రికి గాని చేరను. లెక్క వేసుకున్నాను, వెళ్ళలేదు. సోమవారం ల్యాబుకు వెళ్ళి మామూలుగా పని చేశాను. ఆ సాయంత్రం ఆమె నా ఎదురుగా కూర్చుని ఏదో మొదలుపెట్టబోతే, "ఈ సంగతి ఇంట్లో ఎత్తొద్దమ్మాయ్" అన్నాను. మళ్ళీ ఎత్తలేదు.

ఇక బ్రూజ్ సంగతి. మే 12 నుంచి 14 దాకా బ్రస్సెల్స్‌లో ఒక సదస్సు ఉంది. మా విభాగం మా ఇద్దరినీ పంపిస్తోంది. తిరుగు ప్రయాణం 15, శనివారం. కావాలంటే 17, సోమవారానికి మార్చుకోవచ్చు, టికెట్ ధర అదే. మార్చుకున్నా, మార్చుకోకపోయినా ఒక ప్రయాణం ఫారం నింపి ఏప్రిల్ 8, గురువారం సాయంత్రం నాలుగులోపు ఆఫీసులో ఇవ్వాలి. మరునాడు గుడ్‌ఫ్రైడే, సెలవు.

"సోమవారానికి మార్చుకుందామక్కా" అంది ఆమె బెండకాయలు తరుగుతూ. "శుక్రవారం సాయంత్రం బ్రూజ్ పోదాం. ట్రైన్‌లో గంటే."

"ఏముందక్కడ?"

"కాలవలు."

నాకు నవ్వొచ్చింది. "నరసాపురం దాన్ని పట్టుకుని కాలవలు చూపిస్తానంటావేంటి? మా పెరటి గుమ్మం దిగితే కాలవే."

"మీ కాలవలో హంసలున్నాయా?"

"బాతులున్నాయి. రోజూ గుడ్లు పెట్టేవి. మీ హంసలేం పెడతాయి?"

"నువ్వు రా అక్కా ముందు. అవేం పెడతాయో అక్కడే చూద్దువుగాని."

వెళ్ళడానికి నాకు అభ్యంతరం లేదు. లైబ్రరీ నుంచి ఆమె తెచ్చిన పుస్తకం తీసుకుని రెండు సాయంత్రాలు చదివి ప్రణాళిక వేశాను. పాత ఊరంతా నడకలోనే తిరగొచ్చు. శనివారం పొద్దున గంటల గోపురం, మూడువందల అరవై ఆరు మెట్లు. తర్వాత పడవ. మధ్యాహ్నం పూర్వం ఒంటరి ఆడవాళ్ళు కలిసి బతికిన తెల్ల ఇళ్ళ వాడ. ఆదివారం పొద్దున ఆరాధన, భోజనం, సాయంత్రానికి బ్రస్సెల్స్. సోమవారం విమానానికి పరుగులు ఉండవు. ఎటు తిప్పి చూసినా రెండు రాత్రులు సరిపోతాయి. మూడో రాత్రికి అక్కడ పని లేదు. కాగితం ఆమె ముందు పెట్టాను.

పూర్తిగా చదివింది. "బాగుందక్కా. కానీ మూడు రాత్రులు ఉందాం."

"రెండు చాలని రాశాగా."

"రెండొద్దు."

"పోనీ ఒకరోజు ముందే సదస్సు ఎగ్గొట్టి నాలుగుండాలా?" అన్నాను వెటకారంగా.

"నాలుగూ వద్దు. మూడే" అంది. ఆమె ముఖంలో వెటకారం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. అంతకు మూడు రోజుల ముందు, మార్చి 6, శనివారం, నడవాలో ఉన్న ఫోన్లో ఆమె క్రాన్‌బర్న్ ఆంటీతో మాట్లాడుతోంది. ఈ ఆంటీ వాళ్ళది గుంటూరు. మెల్బోర్న్‌కు అవతలి పక్క క్రాన్‌బర్న్‌లో వాళ్ళింట్లో నెలకు రెండు ఆదివారాలు తెలుగు ప్రార్థన జరిగేది. నేను స్నానం చేసి వస్తుంటే నాలుగు ముక్కలు చెవిన పడ్డాయి. "మూడు రాత్రులే ఆంటీ... లేదు, తనకి తెలీదు, చెప్తే గొడవ... అయ్యో, పర్లేదు, ఎగ్జామ్స్ అంటే కష్టమేలెండి. వేరే ఏదో ప్లాన్ చూస్తాలెండి." నన్ను చూసి గొంతు తగ్గించింది. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ మూడు రాత్రులనూ ఈ మూడు రాత్రులనూ పక్కపక్కన పెట్టి చూశాను.

తర్వాత అన్నీ ఒకదాని వెంట ఒకటి కనిపించడం మొదలైంది.

బ్రూజ్‌లో లేసులు అమ్మే ఒక దుకాణం పైన గది ఉందని తెలిసి, అద్దెకిచ్చే ఆవిడకు ఆమే ఉత్తరం రాసింది. జవాబు వచ్చింది. గది ఆమె ఒక్కదాని పేరునే ఉంది. నా సగం కవర్లో పెట్టి బల్ల మీద ఉంచాను. కవరు తిరిగి నా దిండు కింద కనిపించింది. మా ఇంట్లో ఉప్పు పొట్లం కూడా చెరి సగం. పోయిన నెల కరెంటు బిల్లులో ఒక సెంటు బేసి వస్తే ఎవరివ్వాలని పావుగంట వాదించిన మనిషి, గది అద్దె మొత్తం తనే పెట్టుకుంటానంటే నేనెలా నమ్మాలి?

"ఎందుకమ్మాయ్ తిరిగిచ్చావు?"

"ఈసారి నాది అక్కా."

"ఏం, లాటరీ తగిలిందా?"

"అనుకో."

వాళ్ళమ్మగారి దగ్గర నుంచి పదిహేను రోజులకొక నీలం ఉత్తరం వచ్చేది. వచ్చినప్పుడల్లా వంటింట్లో పైకి చదివి వినిపించేది. గేదె ఈనడం, చీటీ పాట, పక్కింటివాళ్ళతో గోడ తగాదా, అన్నీ నాకు తెలుసు. మార్చి మొదట్లో వచ్చిన ఉత్తరం మాత్రం చదవలేదు. గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. ఆ గోడ తగాదా ఏమైందో నాకు నెలరోజులు తెలియలేదు.

మార్చి 21, ఆదివారం, ప్రార్థనకు వెళ్ళాం. డాండెనాంగ్ దాకా రైలు, అక్కణ్ణుంచి అంకుల్ కారు. నేను కావాలనే వంటింట్లో ఆంటీ పక్కన నిలబడి గిన్నెలు తుడవడం మొదలుపెట్టాను.

"మా అమ్మాయి మీకు ఫోన్ చేసిందటగా ఆంటీ?"

ఆంటీ చెయ్యి ఆగింది. "ఎప్పుడమ్మా? ఆ, ఊరికే, జస్ట్ క్యాజువల్‌గా. మా పెద్దదానికి ఎగ్జామ్స్ కదా, హౌస్ అంతా ఫుల్ టెన్షన్." అని నా ముఖంలోకి చూసింది. "నువ్వేంటి ఇంత వెయిట్ లాస్ అయ్యావు? ఆ యూనీలో టైమ్‌కి తింటున్నావా అసలు? ట్రిప్‌కి వెళ్తున్నారంటగా. వెళ్ళు. వెళ్ళి హాయిగా నిద్రపో."

యూరప్ వెళ్ళేవాళ్ళకు ఎవరైనా ఫోటోలు తీసుకోమని చెబుతారు, చలికి జాగ్రత్త అంటారు. నిద్రపొమ్మనడం నేను మొదటిసారి విన్నాను. ఆంటీకి కూడా అంతా తెలుసన్నమాట.

మార్చి 28న ఇస్త్రీపెట్టె కోసం ఆమె గదిలోకి వెళ్ళాను. ఆమె ఇంట్లో లేదు. అలమర అడుగు అరలో, ఇస్త్రీపెట్టె వెనక, దుకాణం కాగితంలో చుట్టిన పొట్లం. కాగితం ఒక మూల విప్పి ఉంది. ముదురు నీలం ఉన్ని స్వెటర్. భుజాలు పట్టుకుని ఎత్తి చూశాను. ఆమె రివటలా ఉంటుంది, ఆ స్వెటర్లో ఆమెలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. ఉన్నట్టే మడిచి పెట్టి, ఇస్త్రీ చేయకుండానే బయటికి వచ్చాను.

అంటే మగవాడు. ఎవరో ఏమిటో తెలియదు. యూరప్‌లో ఉంటాడు, లేదా అక్కడికి వస్తాడు. వాళ్ళమ్మగారికి తెలుసు, ఆంటీకి తెలుసు. ఆంటీ తన ఇంట్లో కుదరదంది కాబట్టి బ్రూజ్ దాకా పోతున్నారు. నన్నెందుకు తీసుకెళ్తున్నట్టు? అడ్డం పెట్టుకోవడానికి. అక్కయ్య వెంట ఉందంటే ఎవరూ అడగరు. నాకు కోపం వచ్చింది ప్రేమ వ్యవహారం మీద కాదు. చెప్పి ఉంటే నేనే వెళ్ళి ఆ గంటల గోపురం మెట్లు రెండుసార్లు ఎక్కి దిగేదాన్ని. చెప్పకుండా, నా లెక్కలు నా చేతే వేయించుకుని, నన్ను గొడుగులా పట్టుకుపోవాలనుకోవడం మీద.

చివరిది వంటింటి తలుపుకు అంటించిన కాగితం. ఏప్రిల్ మొదటి వారంలో ఆమె ప్రయాణం మొత్తం ఒక కాగితం మీద రాసి అక్కడ అంటించింది. "బ్రస్సెల్స్ – 3 రా." అని ఒక వరస. దాని కింద "బ్రూజ్ – 3 ని." మొదటిది మూడు రాత్రులు, 11, 12, 13 తేదీలు. సరిపోయింది. రెండోది మూడు నిమిషాలు. మా ల్యాబు పుస్తకాల్లో ఇద్దరం తెలుగులో రాసుకునేవాళ్ళం. పాలు ఎన్ని డిగ్రీల దగ్గర ఎన్ని నిమిషాలు ఉంచామో ప్రతి పేజీలో "ని." అనే ఉంటుంది. కానీ బ్రూజ్‌లో మూడు నిమిషాలేమిటి? నగరంలో టికెట్లు అమ్మే దుకాణానికి వెళ్ళి బెల్జియం రైళ్ళ పట్టిక అడిగి చూశాను. బ్రస్సెల్స్ నుంచి నేరుగా వెళ్ళే రైలుంది, ఎక్కడా దిగి మారే పని లేదు. మూడు నిమిషాలు ఏ వరసలోనూ రాలేదు. స్టేషన్లో ఒక మనిషి కోసం మూడు నిమిషాలు ఆగడం తప్ప నాకింకేమీ తోచలేదు.

ఏప్రిల్ 7, బుధవారం, ఫారం నింపాను. తిరుగు ప్రయాణం: 15, శనివారం. అదనపు రోజులు: లేవు. ఆఫీసులో ఇచ్చేసి వచ్చాను. ఆమెకు చెప్పలేదు. ఆ ఇంట్లో నా సామాను ఎన్ని పెట్టెలకు వస్తుందో కూడా ఆ సాయంత్రమే లెక్కపెట్టాను. నాలుగు.

గురువారం పొద్దున ఉప్మా తింటున్నాం.

"నేను సోమవారానికి మార్చుకోలేదు" అన్నాను. "శనివారం వచ్చేస్తున్నా. ఫారం నిన్ననే ఇచ్చేశా. నువ్వూ ఆయనా హాయిగా ఉండండి."

ఆమె స్పూను దించింది. "ఏ ఆయన?"

"స్వెటర్ ఆయన."

"ఏ స్వెటర్..." అని ఆగిపోయింది. లేచి గదిలోకి వెళ్ళింది. పొట్లంతో తిరిగొచ్చి, కాగితం చించి, స్వెటర్ నా వీపుకు ఆనించి భుజాలు కొలిచింది. అటూ ఇటూ సరిగ్గా సరిపోయింది. మా నాన్నగారి భుజాలు నాకు వచ్చాయి, ఆ సంగతి లెక్కలోకి తీసుకోవడం మర్చిపోయాను.

"ఇంత భుజాలేసుకుని ఎవడో ఆయనంటావేంటక్కా" అంది వెనక నుంచి. "నీకే. అక్కడ ఇవ్వాలని దాచా."

"నాకెందుకు?"

"కొత్తబట్ట పెట్టాలిగా."

"పండగా పబ్బమా? ఎందుకు పెట్టాలి?"

స్వెటర్ మడవడం మొదలుపెట్టింది. నేను లేచి తలుపు మీది కాగితం పీకి ఆమె ముందు పెట్టాను. "ఇదేంటి మరి? మూడు నిమిషాలు ఎవరికోసం?"

ఆమె కాగితం చూసింది. ముందు నవ్వింది. గట్టిగానే, బల్ల పట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది.

"నిమిషాలు కాదక్కా. నిద్రలు."

మా జిల్లాల్లో ఒకరింట్లో మనిషి పోతే, ఆ దుఃఖంలో ఉన్నవాళ్ళను దగ్గరివాళ్ళు పొలిమేర దాటించి తమ ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెడతారు. నిద్ర చేయించడం అంటారు. ఒకటో, మూడో నిద్రలు. తీసుకెళ్ళినవాళ్ళే ఖర్చు పెట్టుకోవాలి, కొత్తబట్ట పెట్టాలి. తిరిగి వచ్చేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకూడదు. మా నాన్నగారు సంఘ పెద్ద. ఇవన్నీ అన్యాచారాలనీ, మాకు లేవనీ అనేవారు. నేనూ అందరికీ అదే చెప్పేదాన్ని. కానీ నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మమ్మ పోతే, పెద్దమ్మ వచ్చి అమ్మను "ఊరికే, నాలుగు రోజులు" అంటూ పాలకొల్లు తీసుకెళ్ళింది. ఎన్ని రాత్రులు లేదో నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. మూడు. నాన్నగారు ఏమీ అడగలేదు. అమ్మ కొత్త చీరతో దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి పొయ్యి ముట్టించింది. ఆ పది రోజుల్లో మా ఇంట్లో పొయ్యి ముట్టించడం ఆమెకు అదే మొదలు.

"మా అమ్మ రాసిందక్కా, ఎవరైనా తీసుకెళ్ళారా అని. ఎవరున్నారిక్కడ, నువ్వే తీసుకెళ్ళు అంది. ఎక్కడికి తీసుకెళ్ళను చెప్పు? నీ ఇల్లూ నా ఇల్లూ ఒకటే అయిపోయె. ఆంటీని అడిగా. ఎగ్జామ్స్ అన్నారు. ప్రేయర్ గ్రూపులో వాళ్ళేమైనా అనుకుంటారని కూడా ఉన్నట్టుంది పాపం."

"నా సగం ఎందుకు తీసుకోలేదు?"

"నువ్వు సగమిస్తే అది సత్రం. మొత్తం నేనిస్తే మూడు రోజులు మా ఇల్లు."

"ఇక్కడే ఎక్కడన్నా గది తీసుకోవచ్చుగా."

"ఇక్కడైతే పొద్దున ఆరయ్యేసరికి ఏదో వంక పెట్టి ల్యాబుకి పోతావు. అక్కణ్ణుంచి ఎలా పోతావో చూస్తా."

"బ్రూజే ఎందుకు?" కాలవల కోసమని చెబుతుందనుకున్నాను.

"చవగ్గా దొరికిందక్కా. లైబ్రరీలో ఆ ఊరి పుస్తకం ఒక్కటే ఉంది."

"నాకు చెబితే ఏం పోయేది?"

"మాకవి లేవు అనేదానివి."

అనేదాన్ని. అందులో సందేహం లేదు. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది, "ఆ ఉత్తరం చూపించు" అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. తెచ్చి ఇచ్చింది. తేదీ ఫిబ్రవరి 24. గోడ తగాదా సగం పేజీ ఉంది, తీరలేదు. దాని కింద పెద్ద పెద్ద అక్షరాల్లో: "ఆ పిల్లకి ఎవరన్నా నిద్ర చేయించారా? తల్లి పోయిన పిల్ల ఒకే ఇంట్లో ఒకే మంచం మీద అన్నాళ్ళు పడుకోకూడదు. ఏడాదిలోపు ఎప్పుడైనా పర్లేదు. చెప్పి తీసుకెళ్ళకు, రాదు."

ఉత్తరం మడిచి ఇచ్చేసి, ఉప్మా వదిలేసి బస్సు పట్టుకున్నాను. ఆఫీసులో సెక్రటరీ సెలవు ముందు రోజు కాబట్టి బల్ల సర్దుకుంటోంది. నా ఫారం వెనక్కి అడిగాను. కొట్టివేతలంటే ఆ ఆఫీసుకు ఇష్టం ఉండదు, నాకూ ఉండదు. కొత్త ఫారం తీసుకుని మళ్ళీ నింపాను. తిరుగు ప్రయాణం: 17, సోమవారం. అదనపు రోజులు: 2. కారణం అన్న గడి దగ్గర చాలాసేపు ఆగాను. విహారం అని రాస్తే అబద్ధం. అసలు మాటకు ఇంగ్లీషు లేదు. చివరికి 'ఫ్యామిలీ ఫంక్షన్' అని రాశాను.

సెక్రటరీ చదివి కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "మీ కుటుంబం బెల్జియంలో ఉందా?" అని అడిగింది.

"మే 14 నుంచి 17 దాకా ఉంటుంది" అన్నాను.

ముద్ర వేసింది.

వెళ్ళాం. కాలవలు మావాటికంటే సన్నం, నీళ్ళు కదలవు. హంసలు ఏమీ పెట్టలేదు. స్వెటర్ మూడు రోజులూ విప్పలేదు. మొదటి రాత్రి గోపురం గంటలు పావుగంటకోసారి మోగాయి, అన్నీ విన్నాను, కన్ను మూతపడలేదు. తర్వాతి రెండు రాత్రులు మాత్రం ఒక్క గంట కూడా వినలేదు. సోమవారం పొద్దున గదినిచ్చిన ఆవిడ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. నేను ఏదో అనబోతుంటే మా అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా గిల్లి వీధిలోకి లాగింది. ఇద్దరం తల వంచుకుని, వెనక్కి చూడకుండా, ఒక్క మాట మాట్లాడకుండా నడిచిపోయాం. ఎంత మర్యాద లేని పిల్లలని ఆవిడ అనుకుని ఉంటుంది.

రైల్లో డైరీ తీసి మే 17 కింద "బ్రూజ్ – 2 ని." అని రాశాను.

"రెండేంటక్కా?" అంది భుజం మీంచి తొంగి చూసి.

"మొదటి రాత్రి నిద్రపోలేదు."

"నిద్ర చెయ్యడమంటే నిద్రపోవడం కాదు. పడుకుంటే లెక్కే."

"నా లెక్కలో కాదు."

నా చేతిలోంచి పెన్ను లాక్కుంది. నా డైరీలు ఇప్పటికి నలభై దాటాయి. ఇంకొకరి చేతిరాత ఉన్న పేజీ అదొక్కటే. రెండు కొట్టేసి, పక్కన మూడు.